పడుగు కొన వదిలిన సైన్సు అయ్యవారు

మా ఆయప్పను, అదే నా మొగుణ్ణి, తలుచుకుంటే నాకిప్పటికీ తిక్క రేగుతాది. పేరు చెన్నకేశవులు, హిందూపురం హైస్కూల్లో సైన్సు అయ్యవారు. నేను ధర్మవరంలో మా నాయన ఈరన్న దగ్గరుండి పట్టుచీరలు నేస్తాంటి. పంతొమ్మిదొందల అరవై ఆరులో, ఏడో నెల కడుపు పోయింది నాకు. కబురు పంపితే ఈ మహానుభావుడు వచ్చింది ఎప్పుడనుకుంటిరి? నెల దాటినాక! అదీ నన్ను చూసేకి కాదు. మర్నాడు పెనుకొండలో అయ్యవార్ల సభంట, ఈయప్పది ఉపన్యాసమంట, దానికి పెండ్లి నాటి పట్టుపంచ కావాల్నంట!

మర్నాడు పొద్దున్నే వీధిలో పడుగు, అంటే చీర నిలువు పోగులు, సాగదీస్తాంటిమి. మనిషి తక్కువై, మా నాయన అల్లుణ్ణి ఒక కొన పట్టుకోమన్యాడు. ఈ కొన నేను పట్టుకున్యా. మా వీధి కట్టుబాటు ఒకటే, అవతల మనిషి చెప్పేదాకా కొన వదలకూడదు. చంటిపిల్లోల్లకు కూడా తెలుసు.

ఆయప్ప నోరు ఊరుకుంటుందా? ఆ కొన నుంచే వీధంతా వినపడేట్టు అరుస్తాండాడు.

"నీలా! ఒకే చోట పుట్టిన జంట కణాలుంటాయి. ఒకటి ఈడ, ఇంకోటి చంద్రుడి మీద ఉన్యా సరే, దీన్ని చూస్తానే దాని సంగతి కూడా తేలిపోతాది. తెగని ముడి!"

"ఎంత దూరమున్యానా?" అన్యా. అప్పటికే నా కడుపు మండుతాండాది.

"ఎంత దూరమున్యా! ఇంగ ఈ ఆకాశముండాదే, అది సాగుతాండాది. నక్షత్రాల గుంపులు ఒకదానికొకటి దూరం జరుగుతాండాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా ఊహే అనుకో. ఖాళీ జాగాను పట్టుకోనుండేది ఆ ముడులేనేమో! అవి సడిలేకొద్దీ జాగా సాగుతాదేమో! ఇట్లా..." అని రెండు చేతులూ బార్లా చాపి చూపించినాడు.

కొన దబ్బున కింద పడింది. అప్పుడే పోతాండే బర్రె ఒకటి దాని మీద కాలేసింది. పోగులు పటపటా తెగినాయి. మా నాయన నెత్తిన చేతులు పెట్టుకొని నేలమీద కూలబడినాడు.

ఇంగ నేనాగలేదు. "ఏమయ్యా! నేను ఆసుపత్రిలో గొంతు చించుకొని అరుస్తాంటే హిందూపురంలో నీకేం తెలిసింది? కణానికి తెలుస్తాదంట, మొగుడికి తెలీదంట! కబురొచ్చినాక కూడా తెలీదంట! తూ! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! ముడి సడిలితే దూరం పెరుగుతాదని చెప్పేకి పెనుకొండ సభ కావాల్నా? నన్నడుగు, చెప్తా!"

వీధి వీధంతా వాకిళ్లలో నిలబడి చూసింది. చూడనీ అనుకున్యా.

"రైలుకు టైమయితాంది నీలా," అని గొణిగినాడు.

"పో! పంచ ఆ దండెం మీదుండాది. కట్టుకొని పో!"

తెగిన పోగులు ముడేయాలంటే ఇద్దరు ఎదురెదురుగా కూచోవాల. మా నాయనకు చూపు ఆనదు. నేనొక్కదాన్నే పోయి కూచున్యా, ఏడుపును పండ్ల కింద అదిమిపెట్టుకొని. కాసేపటికి ఎదురుగా ఎవరో కూచున్నట్లయింది. చూస్తే ఆయప్పే. పట్టు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకొని, పోగు అందుకున్యాడు. వేసిన ముడల్లా జారిపోతాంటే, తిట్టుకుంటా నేను మళ్లీ వేస్తాంటి. స్టేషన్లో రైలు కూత పెట్టింది. ఆయప్ప తల ఎత్తలేదు.

చానాసేపయినాక, నాకొక్కదానికే వినపడేట్టు అడిగినాడు.

"ఆడబిడ్డా, మగబిడ్డా?"

నాకు ఒళ్లంతా భగ్గుమంది. ఈ మాట అడిగేకి నెల కావాల్నా ఈ మనిషికి! పోగు విసిరికొట్టి లేచిపోదామనుకున్యా. అయినా ఇంకో ముడి వేసినా.

"ఆడబిడ్డ," అన్యా. "నీ ముక్కే."

ఆయప్ప చేతిలో పోగు సడిలింది.

"గట్టిగా పట్టుకో," అని కసిరినా. "నేను చెప్పేదాకా వదలొద్దు."