గోడ మీద మా ఆయన పేరు

మా ఆయన గోవిందరావు వార్డు ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా ఊరించడం నాకు చేతకాదు. ఓడిపోయినందుకు నాకు ఏ చింతా లేదు. కానీ ఆ ఎన్నికల రోజుల్లో మా వీధిలో నాతో పోట్లాడే మనిషి లేకుండా పోయింది చూశారూ, దానికి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఘనత నా సొంత తమ్ముడు నూకరాజుది.

అది తొంభయ్యో సంవత్సరం. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మాది తాల్‌బగీచా పేట. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కూడబెట్టుకుని రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. వానాకాలం వస్తే చాలు, వీధి కాలువ పొంగి మురుగునీళ్ళు గడప దాటి వంటింట్లోకి వచ్చేవి. మునిసిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి మా ఆయన చెప్పులరిగాయి. చివరికి వీధిలో వాళ్ళే, "నువ్వే నిలబడు గోవిందా, నువ్వైతే పని చేయిస్తావు" అని పట్టుబట్టారు. మన తెలుగువాళ్ళే కాదు, బెంగాలీలూ ఒడియావాళ్ళూ కూడా అన్నారు. ఎందుకనరు? ఎవరింట్లో చావైనా పెళ్ళైనా డ్యూటీ దిగి ఆ నూనె చేతులతోనే పరుగెత్తే మనిషి. సరేనని స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశారు. గొడుగు గుర్తు వచ్చింది.

ఇక నా తమ్ముడి సంగతి. నిమ్‌పురాలో మా నాన్న రైల్వే క్వార్టర్లో తింటూ, యార్డు వైపు షికార్లు కొడుతూ, రైల్వే ఉద్యోగం దానంతట అదే నడిచొస్తుందని కూర్చున్న మహానుభావుడు. బావ నిలబడ్డాడని తెలిసిన మర్నాడే తనలాంటివాళ్ళని ఓ డజను మందిని వెంటేసుకుని దిగాడు. ప్రతివాడి చేతిలో ఓ నల్లగొడుగు.

"బావా, నువ్వు కాళ్ళు సాపుకోని కూకో. నిన్ను గెలిపించే పూచీ నాది," అన్నాడు.

"గోల సెయ్యకండ్రా," అన్నారు మా ఆయన. అంతకన్నా గట్టిగా అనడం ఆయన వల్ల కాదు. పైగా పెళ్ళాం తమ్ముడు.

గోల చెయ్యొద్దంటే వాడు వింటాడా! మే నెల ఎండలో పొద్దున్నా సాయంత్రం ఊరేగింపు. "తెలుగోడి ఓటు తెలుగోడికే!" అని ఒకడు అరవడం, "గొడుక్కి ఎదురొస్తే గోతిలోకే!" అని మిగతావాళ్ళు అందుకోవడం. మూసిన తలుపు కనిపిస్తే గొడుగు మొనతో టకటకా కొట్టేవారు. బెంగాలీల ఇళ్ళ ముందైతే ఇంకా చెలరేగిపోయేవారు. "దాదా, ఓటు ఎవరికి? సోచ్‌కే బోలో!" అని, ఆలోచించుకుని మరీ చెప్పమని నవ్వేవారు. అరిచేది నూకరాజు, పేరు మా ఆయనది. లోపల కూర్చుని వినేవాళ్ళకి ఆ పేరే గుర్తుండేది.

జనం భయపడుతున్నారని మా ఆయనకి ముందు తెలియలేదు. తిమోతి గారని ఎదురింట్లో రిటైరైన రైల్వే గార్డు ఉండేవారు. ఆదివారం చర్చి అవగానే తిన్నగా మా అరుగు మీదికొచ్చి, కాఫీ తాగి, మా ఆయనతో దేని గురించో ఒకదాని గురించి వాదన పెట్టుకుంటే గానీ ఆయనకి అన్నం సయించేది కాదు. రెండు ఆదివారాలు రాలేదు. ఏమైందోనని మా ఆయనే వెళ్ళి పలకరించారు.

"ఏటీ లేదు గోవిందరావు గారూ, ఎండలు కదా," అన్నారట.

ఇంటికొచ్చి మా ఆయన అలా దిగాలుగా కూర్చున్నారు. "నిన్నటిదాకా 'ఒరే గోవిందా' అన్న మనిషి సిట్టెమ్మా. ఇయ్యాల 'గారు' అన్నాడు," అన్నారు. అప్పుడు నేను నవ్వేశాను. పెద్ద మనిషి అయిపోతున్నారు కదా, అలవాటు చేసుకోండి అన్నాను.

నా నవ్వు మర్నాడు కుళాయి దగ్గర అణిగింది. వీధి కుళాయి దగ్గర నాకూ అప్పలకొండకీ రోజూ యుద్ధమే. అది నా బిందె తన్నడం, నేను దాని బకెట్ లాగిపారెయ్యడం, ఇద్దరం ఒకరి పుట్టింటివాళ్ళని ఒకరం తలుచుకోవడం. ఆ పొద్దు నేను వెళ్ళేసరికి అది సగం నిండిన బకెట్ తీసేసి పక్కకి తప్పుకుంది.

"ముందు నువ్వు పట్టుకో అప్పా," అంది, ఎన్నడూ లేనిది నన్ను అక్కని చేసి.

"ఏటే, ఒంట్లో బాగోనేదేటి?"

"అదేటి నేదు. నీకంటే ముందు పట్టేసినానని తెలిస్తే మీ తమ్ముడు ఊరుకుంటాడేటి?"

వెనకాల నిలబడ్డవాళ్ళంతా కూడా జరిగి దారిచ్చారు. ఓలమ్మో, నీళ్ళు పట్టుకుని వస్తుంటే నాకు నామీదే అసహ్యం వేసింది.

అయినా అసలు దెబ్బ అది కాదు. మా పక్కింటి శేఫాలీ దీదీ గురించి చెప్పాలి. భర్త బడిపంతులు, పోయి చాలా కాలమైంది. ఆయనది మొదట్నుంచీ ఒకటే పార్టీ. ఆయన పోయాక కూడా ఈవిడ ఓటు ఆ పార్టీకే. ఆ సంగతి మా వీధి కుక్కలకి కూడా తెలుసు. మా ఆయన నిలబడినప్పుడు కూడా నేను ఆవిణ్ణి ఓటు అడగలేదు. అడిగితే నాలుగు తిట్టి పంపేది. ఆవిడ బెంగాలీలో మాట్లాడుతుంది, నేను తెలుగులో మాట్లాడతాను, ఇరవై ఏళ్ళుగా మాకలాగే జరిగిపోతోంది. నా రెండు కాన్పులకీ పక్కన కూర్చున్నది ఆవిడే.

ఈ ఊళ్ళో ఎన్నికలంటే సగం గోడల మీదే జరుగుతాయి. కానీ దానికో మర్యాద ఉంది. ఇంటివాళ్ళని అడగాలి. వాళ్ళు సరేనంటే సున్నం కొట్టి రాసుకోవాలి. ఒకరికిచ్చిన గోడని ఇంకొకరు ముట్టుకోరు, ఎంత పగ ఉన్నా సరే. దీదీ వీధిగోడ ఎప్పుడూ వాళ్ళాయన పార్టీకే. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే నేను వాకిలి ఊడవడానికి బయటికొచ్చి చూద్దును కదా, ఆ గోడ నిండా మా ఆయన పేరు! పక్కన ఏనుగంత నల్లగొడుగు. పాత పార్టీ రాతని అడ్డదిడ్డంగా తుడిచేసి దానిమీదే రాశారు.

చీపురు అక్కడే పడేసి పరుగెత్తాను. "దీదీ, ఆళ్ళు నిన్ను అడిగినారేటి?"

ఆవిడ తలుపు సగమే తీసింది. "అడిగారు, అడిగారు. నేనే రాసుకోమన్నాను. బాగుంది చిట్టీ, చాలా బాగుంది. మా ఓటు కూడా గొడుక్కే. మీ తమ్ముడికి చెప్పు, గొడుక్కే అని," అంది. నా మొహం వైపు చూడలేదు.

ఇరవై ఏళ్ళలో ఆవిడ నన్ను తిట్టింది, నాతో నెలల తరబడి మాట్లాడ్డం మానేసింది, నా వంటకి వంకలు పెట్టింది. అబద్ధం మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఆ రోజు నన్ను చూసి భయపడి ఆడింది. నన్ను చూసి!

మధ్యాహ్నం మా ఆయన అన్నం తింటుంటే ఆపుకోలేక గోడ సంగతీ దీదీ మాటా చెప్పేశాను. ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు.

"శేఫాలీ దీదీ? మనతో అబద్ధమాడిందా?"

"భయపడిపోయింది. తలుపు సగమే తీసింది."

"ఇలగ గెలిసి ఏటి సేసుకుంటాను సిట్టెమ్మా? కాలవ బాగుసేయించినా ఆవిడ ఎదరకెళ్ళి ఎలగ నిలబడతాను?" అన్నారు. చెయ్యి కడిగేసుకున్నారు. ఇంటికి కొట్టగా మిగిలిన సున్నం బకెట్లో కలిపి, బ్రష్షు పట్టుకుని బయల్దేరారు. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది, తువ్వాలు కూడా వేసుకోలేదు. నేనూ వెనకాలే వెళ్ళాను.

దీదీ తలుపు తట్టి, "దీదీ, మీ గోడమీద నా పేరు సెరుపుకుంటాను. ఒప్పుకుంటారా?" అని అడిగారు.

ఆవిడ ఇది కూడా ఏదో పరీక్షేమో అనుకున్నట్టుంది. చివరికి తలూపింది. మా ఆయన తన పేరు మీద తనే సున్నం కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక్కో కిటికీ తెరుచుకుంది. తిమోతి గారు గేటు దగ్గరికొచ్చారు. అప్పలకొండ ఖాళీ బిందె చంకనేసుకుని మరీ వచ్చి నిలబడింది.

ఈ వార్త మోసుకెళ్ళింది ఎవరో గానీ, గొడుగు సగం చెరిగేసరికి నూకరాజు మందతో సహా ఊడిపడ్డాడు.

"బావా! ఏటిది, పిచ్చెక్కిందేటి? మా కుర్రోళ్ళు ఎంత కష్టపడి రాసినారు!"

"అడక్కుండా రాసినారు."

"ఎవుల కోసం? నీ కోసమే కదా!"

"నా కోసమైతే నన్ను అడగాల. నాను ఆవిణ్ణి అడగాల," అన్నారు మా ఆయన, బ్రష్షు ఆపకుండానే. "నూకా, ఇయ్యాల్టినుంచి నా పేరెత్తొద్దు. నువ్వు నా తరపు మనిషివి కాదు."

"మేం నేకపోతే నీకు డిపాజిట్ కూడా రాదు!"

"రాకపోతే పోనీ."

వాడి మొహం కందగడ్డయింది. గిరుక్కున నా వైపు తిరిగాడు. "అప్పా, నువ్వైనా సెప్పు! సొంతోణ్ణి కాదనుకోని పరాయోళ్ళ గోడకి సున్నం కొడతన్నాడు."

అందరూ నా వైపు చూశారు. మొగుడు ఏమన్నా, తోడబుట్టింది తమ్ముణ్ణి వదులుకుంటుందా అని చూస్తున్నారు. నాకూ అదే అనిపించింది. మా అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. నా చేత్తో కలిపి పెడితే తప్ప తినేవాడు కాదు. దీదీ కిటికీ వైపు చూశాను. ఆవిడ ఊచలు పట్టుకుని నన్నే చూస్తోంది. ఇంకా భయంగానే చూస్తోంది.

"నూకా," అన్నాను. "నువ్వు నా తమ్ముడివే. ఆకలేసి వస్తే అన్నం ఎడతాను, ఇయ్యాల కూడా ఎడతాను. కానీ నువ్వు అరిసే అరుపు మాది కాదు. ఈ ఈదిలో ఇంకొక్క తలుపు మీద కొట్టినావంటే, ఆ గొడుగు ఇరగ్గొట్టి పొయ్యిలో ఎట్టేస్తాను. ఎల్లు!"

అదే మాట నాకొచ్చిన బెంగాలీలో కూడా అరిచి చెప్పాను. వినాల్సినవాళ్ళు ఆ బెంగాలీ ఇళ్ళవాళ్ళు కదా. వాడు గొడుగు నా కాళ్ళ దగ్గర విసిరికొట్టి వెళ్ళిపోయాడు. వాడి వెనకాలే మందంతా పోయింది. నేను ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. తమ్ముడు కదా, ఏడుపు రాదూ? సాయంత్రానికి వాడు ఎదుటి పార్టీ ఆఫీసు ముందు తేలాడట. "మాకు చాలినంతమంది ఉన్నారు బాబూ" అని వాళ్ళు టీ ఇచ్చి పంపేశారట. అది విని ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఒక్క పూటలో అంతా బాగైపోయిందని చెప్పను. మా ఆయన ఒక్కరే ప్రతి గుమ్మానికీ వెళ్ళారు. ఓటు సంగతి ఎత్తకుండా, మావాళ్ళ వల్ల మీకు కష్టం కలిగింది, మనసులో పెట్టుకోకండి అని దణ్ణం పెట్టి వచ్చారు. మొదట వచ్చింది తిమోతి గారే. "ఒరే గోవిందా, సున్నం పల్చనైపోనాది రా, గోడంతా సారలే," అంటూ అరుగు మీద కూలబడ్డారు. అప్పలకొండకి ధైర్యం రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఒక పొద్దున వచ్చి నా బిందెని ఒక్క తన్ను తన్నింది. నేనూ ఊరుకుంటానా! కుళాయి కట్టేసేదాకా పోట్లాడుకున్నాం. అబ్బ, ప్రాణం లేచొచ్చింది.

దీదీ మాత్రం మారలేదు. తలుపు సగమే తీసేది. ఎదురుపడితే చాలు, "గొడుక్కే చిట్టీ, గొడుక్కే" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. "నాను అడిగినానా దీదీ?" అంటే నవ్వేసి లోపలికెళ్ళిపోయేది. అది నవ్వు కాదని నాకు తెలుసు. ఇక ఈ జన్మకి ఇంతేనేమో అనుకుని కుమిలిపోయాను. మా ఆయన గెలవకపోయినా సరే, ఆవిడ నన్ను మళ్ళీ మామూలుగా తిడితే చాలని మొక్కుకున్నాను.

పోలింగ్ రోజు వచ్చింది, పోయింది. చీకటి పడకముందే మా ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు పీకుతున్నాయని అరుగు మీద వాలారు. గేటు చప్పుడైంది. చూస్తే దీదీ. వేలి మీద సిరా ఇంకా కొత్తగా ఉంది. తిన్నగా వచ్చి మా ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

"చిట్టీ, టీ పెట్టు. అల్లం దంచి వెయ్యి," అంది.

నేను వెళ్ళి పెట్టుకొచ్చాను. ఆవిడ రెండు గుక్కలు తాగి గ్లాసు కిందపెట్టింది.

"గోవిందా, నేను నీకు ఓటు వెయ్యలేదు," అంది. నా వైపు కూడా తిరిగింది. ఈసారి నా కళ్ళలోకే చూసింది. "వినబడిందా చిట్టీ? మా పార్టీకే వేశాను. మా ఆయన బతికుంటే ఎక్కడ వేసేవారో అక్కడే వేశాను."

మా ఆయన లేచి కూర్చున్నారు. "నిజంగానే దీదీ? మాకు ఎయ్యనేదా?"

"వెయ్యలేదు. ఒట్టు."

"అమ్మయ్య!" అన్నారు మా ఆయన. నామినేషన్ వేసిన తర్వాత ఆయన అంత హాయిగా నవ్వడం అప్పుడే చూశాను. నాకైతే కళ్ళలో నీళ్ళు ఆగలేదు. కొంగుతో ఒత్తుకుంటూనే నోరు చేసుకున్నాను.

"ఏటి దీదీ, ఇరవై ఏళ్ళు నా సేతి సేపల పులుసు తిని, నా మొగుడికి ఒక్క ఓటు ఎయ్యలేకపోనావా?"

"నీ పులుసులో అంతా చింతపండే. తిన్నదే గొప్ప, దానికి ఓటు కూడానా!" అంది దీదీ. "ఈసారే కాదు. గోవిందా మళ్ళీ నిలబడ్డా వెయ్యను."

"ఎవులు ఎయ్యమన్నారు? టీ తాగు, సల్లారిపోతంది," అన్నాను.