లోపల ఒకరు

మా ఐవిన్‌ది చాదస్తం. ఆ మాట ఊరంతా వాడి మొహం మీదే అనేవాళ్ళం. హెర్రింగ్ చేపలు ఉప్పులో ఊరబెట్టే పాత చెక్క షెడ్డు కొని, అందులో పాటకచేరీలు పెట్టి, టికెట్లు ఆన్‌లైన్లో అమ్మేవాడు. డబ్బు కట్టినవాళ్ళకి టికెట్టు వెంటనే పంపేవాడు కాదు. కచేరీకి ముందురోజు సాయంత్రం మెయిల్లో వెళ్ళేది, ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్కటి. ముందే పంపితే చేతులు మారతాయనీ, అప్పుడు లోపల ఎవరున్నారో తనకు తెలియదనీ వాడి బాధ. సిగరెట్టు కోసం బయటికొచ్చినా ఆ టికెట్టు స్కాన్ చేయించుకోవాల్సిందే.

"ఏరా, ఇది కచేరీయా, జైలా?" అన్నాను ఒకసారి, వాఫెల్ అట్లకి పిండి కలుపుతూ. అక్కడ కాఫీ, వాఫెళ్ళ బల్ల నాది.

"చెక్క కొంపరా ఇది. అంటుకుందంటే అగ్గిపెట్టే. పర్మిషన్ ఇచ్చిన ఫైర్ ఆఫీసరు ఒక్కటే అడిగాడు, లోపల ఎవరున్నారో ఏ నిమిషానైనా చెప్పగలవా అని. చెప్పగలనన్నాను. ఒక్కణ్ణి లోపల వదిలేసి నేను బయట నిలబడ్డానంటే, ఇంక నేను బతికేం లాభం?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

అక్టోబరు కచేరీనాడు గుమ్మం దగ్గర వాడి అక్క తూర్దిస్ ఫోను పట్టుకుని నిలబడింది. ఐవిన్ వేదిక దగ్గర వైర్లతో కుస్తీ పడుతున్నాడు. వానలో ఫెర్రీ దిగి గుద్రున్ హాత్లే అనే పెద్దావిడ వచ్చింది. ఆవిడది ఫ్యోర్డ్‌కి, అంటే ఆ సముద్రపు పాయకి, అవతలి ఊరు. తన టికెట్టు చూపించాక, సంచిలోంచి ఇంకో ఫోను తీసింది.

"ఇది మా ఆయనది, ఓద్‌మున్‌ది. ఇద్దరికీ తనే కొన్నాడు, చలి ముదిరేలోపు వెళ్దామన్నాడు. ఆగస్టులో పోయాడు. నిన్న నేను బంగాళాదుంపలు ఒలుస్తుంటే ఈ ఫోను మోగింది. చూస్తే ఆయన టికెట్టు."

"అయ్యో పెద్దమ్మా," అంది తూర్దిస్.

"దీన్ని కూడా స్కాన్ చెయ్యవూ తల్లీ? ఆయన వచ్చినట్టు పడుతుంది కదా. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచితే చాలు. ఇంకేం అడగను."

తూర్దిస్ తమ్ముడి వైపు ఓసారి చూసి, గబుక్కున స్కాన్ చేసేసింది. గుద్రున్ ఆ ఫోనును రెండు చేతుల్తో గుండెకి హత్తుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడకి రెండు వాఫెళ్ళు ఊరికే ఇచ్చాను. మంచిపని జరిగిందనుకున్నాను. అది చెడ్డపనని ఇప్పటికీ అనలేను, అదే నా ఏడుపు.

రెండో పాట సగంలో వేదిక వెనక మంట లేచింది. ఐవిన్ జనాన్ని ముందు తలుపు గుండా రేవు మీదికి తోలాడు. అక్కడ ఫోను తెరిచి, స్కానై లోపలికెళ్ళినవాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పలికినవాళ్ళ పేరు నొక్కితే అది లెక్కలోంచి పోతుంది. నేనూ తూర్దిస్సూ రేవుకి కనబడని పక్క తలుపు దగ్గర నడవలేని ముసలివాళ్ళను మెట్లు దింపుతున్నాం. వాళ్ళ పేర్లు ఆమె తన ఫోనులో నొక్కుతోంది. రెండు ఫోన్లదీ ఒకటే లెక్క. చివర్న గుద్రున్‌ను దింపి, ఆవిడ పేరూ నొక్కింది.

రేవు మీద ఐవిన్ ఫోనులో ఇక ఒక్క పేరే మిగిలింది: ఓద్‌మున్ హాత్లే. పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పారు. "హాత్లే ఆవిడ బయటపడింది, మొగుడు లోపలే ఉండిపోయాడు," అంటూ తడి మఫ్లరు ముక్కుకి చుట్టుకున్నాడట. పట్టుకోబోయినవాళ్ళను విదిలించుకుని లోపలికి దూరాడట. ఫైరింజను అప్పటికింకా ఊళ్ళోకి వచ్చే కొండ సొరంగం అవతలే ఉంది.

మాకు పొగలోంచి వాడి గొంతు వినబడింది.

"ఓద్‌మున్! ఎక్కడున్నావయ్యా? ఓ మాట పలుకు, వస్తున్నా!"

గుద్రున్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరది బాబూ? మా ఆయన్ని ఎవరు పిలుస్తున్నారు?"

తూర్దిస్ తలుపులోకి వంగింది. "ఐవిన్! అక్కడెవరూ లేర్రా! బయటికి రారా!" అని అరిచింది. నేనూ అరిచాను. దూలాలు పెటపెటలాడుతున్నాయి, ఆ హోరులో మా కేకలు మాకే వినబడలేదు. ఆమె లోపలికి దూకబోతే నడుం పట్టుకుని ఆపాను. నా చెయ్యి కొరికింది. అయినా వదల్లేదు.

"వాడి చేతిలో ఫోనుంది, చూస్తాడు, చూస్తాడు," అంటూ ఓద్‌మున్ పేరు మీద నొక్కింది. వానకి తెర పలకలేదు. స్వెట్టరుకి తుడిచి మళ్ళీ నొక్కింది. పేరు పోయింది. దాని చోట ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: లోపల ఎవరూ లేరు.

లోపల పిలుపు ఆగింది.

"చూశాడు," అంది తూర్దిస్. "ఇక వచ్చేస్తాడు."

నేనూ అవునన్నాను. పైకప్పు కూలేదాకా ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం.