మీసాల చేపలూ పెరటాసి నెలా

స్వామికి శనివారాలు చేసే పెరటాసి నెల వచ్చిందంటే వరదమ్మ ఇంట్లోకి నీసు రాదు. కోడిగుడ్డు రాదు, గుడ్డు వేసిన కేకూ రాదు. ఈ ఏడు ఆ కట్టుబాటు చేపల తొట్టి దాకా పాకింది.

"మనం ఒక్కపొద్దులుంటే ఇవి నట్టింట్లో పురుగులు తింటా ఉండాయే!" అంది వరదమ్మ, మనవరాలు ధరణి చేతిలోని ఎండుపురుగుల డబ్బాను చూసి.

తిరుపతిలో ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ధరణి పొద్దస్తమానం హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతుంది. పక్కన తొట్టిలో పద్నాలుగు గప్పీలు, ఎనిమిది నియాన్ టెట్రాలు. "ఒక్క నిమిషం కాల్‌లోకి వస్తారా" అని అడగని తోటి ఉద్యోగులు ఆమెకు అవే. వాటిని పోగొట్టుకోలేక డబ్బాను అటకెక్కించి, నాచుతో చేసిన పచ్చ గుళికలు తెచ్చింది. పూటకు చిటికెడు, అంతే.

పది రోజులకు నీళ్ళు తెల్లబడి కంపు మొదలైంది.

"శనివారం సామికి నైవేద్యం వండి తళిగ ఏస్తాను పాపా. ఆ పొద్దుకీ ఈ కంపు ఉండిందంటే తొట్టి ఐరాల ఊరికి పోతాది. మీ పెద్దమ్మ గంగులమ్మ ఎనుములకు కుడితి పోసుకుంటాది" అని తేల్చేసింది వరదమ్మ.

అది గురువారం. తొట్టి అడుగున తిరిగే మీసాల చేప, క్యాట్‌ఫిష్ వేస్తే చెత్తంతా తినేస్తుందని ఎవరో నెట్‌లో రాశారు. తినదని ఇంకెవరో రాశారు. ఇరవై మూడు పేజీలు చదివాక, చదవకముందు తెలిసింది కూడా తెలియకుండా పోయింది ధరణికి. నేరుగా భానుచందర్ చేపల అంగడికి వెళ్ళింది.

"అన్నా, అడుగున తిరిగేది, నీసు తిననిది, గప్పీలను మింగనిది ఒక క్యాట్‌ఫిష్ కావాల."

భానుచందర్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "చేపకు సూస్తా ఉండావా, పెండ్లికొడుక్కా మా?"

ఒక్కో రకం క్యాట్‌ఫిష్ చూపిస్తూ చెప్పుకొచ్చాడు. సక్కర్ ఫిష్ నాచు తింటుంది, కానీ మూరెడు పెరుగుతుంది. పిక్టస్ మీసాలు అందంగా ఉంటాయి, కానీ తెల్లారేసరికి టెట్రాలు ఉండవు. కోరీలు బంగారు తల్లులు, కానీ ఒంటరిగా ఉండలేవు, ఆరు తేవాలి. గులకరాళ్ళకు వాటి మీసాలు అరుగుతాయి, ఇసక పోయాలి. పైగా వాటికి పురుగులంటే ప్రాణం.

"ఇంతకీ మురికి తినేది ఏది అన్నా?"

"ఏ చేపైనా మురికి ఏంటికి తింటాది మా? మిగిలిన మేత తింటాది, అంతే. ఏదీ, ఫోటో ఉంటే సూపీ."

చూపించింది. అతను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"గులకరాళ్ళ సందులో తెల్లగా ఉండేటివి... బొరుగులు గదా మా, మరమరాలు?"

ధరణి ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. వరదమ్మ తొట్టి పక్కనే ఉంది, గుప్పిట మూసుకుని.

"అవ్వా, చెయ్యి తెరువు."

తెరిచింది. బొరుగులు.

"నేనంటే మొక్కు మొక్కుకున్నా. పగలు పస్తున్నా పొద్దు గుంకినాక ఆకు నిండా తింటా. వీటికేముండాది? ఆ పచ్చ గుళికలా? నా మాటకు ఇవి కడుపు మాడ్సుకుంటే ఆ పాపం ఎవరికి? అందుకే నువ్వు సూడనప్పుడు గుప్పెడు ఏస్తా ఉండాను."

కట్టుబాటు పెట్టిందీ ఆమే, పెట్టినందుకు భయపడి దొంగతనంగా తిండి పెట్టిందీ ఆమే. తప్పులు వెతకడమే ఉద్యోగమైన ధరణికి ఈ తప్పు ఎవరి మీద రాయాలో అర్థం కాలేదు. వల తీసుకుని, ఉబ్బిన బొరుగులు తోడి, రెండు రోజులు నీళ్ళు మార్చింది.

శనివారం తళిగ వేసి కర్పూరం వెలిగించాక, వరదమ్మ తొట్టి మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కంపు తగల్లేదు.

"ఉండనీలే" అంది. "ఆ పురుగుల డబ్బా దించు. నోరులేని జీవాల తరపున నేను మొక్కుకునేదేంది. కానీ నట్టింట్లో ఏయొద్దు."

"తొట్టి ఉండేదే నట్టింట్లో గదా అవ్వా!"

"నేను అట్ల తిరుక్కుంటాలే."

ధరణి డబ్బా దించింది. మరి ఆ కోరీలు తేవాలా, వద్దా? తెస్తే ఆరా? ఇసక యాడ దొరుకుతుంది? ఏదీ తేలలేదు. చిటికెడు పురుగులు నీళ్ళలో చల్లింది.

గోడ వైపు తిరిగి నిలబడిన వరదమ్మ కాసేపు ఓపిక పట్టింది.

"తింటా ఉండాయా?" అంది.