ట్యాంకు కుళాయికి తాళం

తెల్లవారగానే గ్లెనిస్ చేసే మొదటి పని వానట్యాంకును కొట్టి చూడటం. వంటింటి గోడ పక్కన నిలబెట్టిన మడతల రేకు ట్యాంకు అది. కింది నుంచి ఒక్కో మడతనూ వేలి కణుపుతో కొడుతూ వస్తే నీళ్లున్నంత మేరా మొద్దుగా పలుకుతుంది, ఖాళీ మొదలైనచోట ఖంగుమంటుంది. ఆ రోజు తొమ్మిదో మడత దాటగానే ఖంగుమంది.

పోయిన వారం పదకొండు మడతల నీళ్లున్నాయి. ఇంకా ఫిబ్రవరే, దక్షిణార్ధగోళంలోని ఆ దేశంలో నడి ఎండాకాలం. మే వస్తే గాని చినుకు పడదు. అంతవరకూ తాగడానికీ, టీకీ, వంటకీ ఆ నీళ్లే గతి. ఊళ్లోకి గొట్టాల్లో వచ్చే ఉప్పునీళ్లు ఉన్నాయి గాని అవి స్నానాలకీ బట్టలకీ. నాలుగు తరాలుగా గోధుమలు పండే ఆ ఊళ్లో వాటిని గొంతులో పోసుకున్నవాళ్లు లేరు.

ఇంట్లో ఉన్నది తనొక్కతే. భర్త గనుల్లో పనిచేస్తాడు, మూడు వారాలకోసారి వస్తాడు. మరి నీళ్లు ఎటు పోతున్నట్టు?

ఆమె కళ్లు కంచె అవతలికి పోయాయి. పక్కింటి థెల్మా ట్యాంకు నిరుడు తుప్పుపట్టి అడుగు ఊడిపోయింది. రోజుకో బకెట్ పట్టుకోమని గ్లెనిస్ తనే చెప్పింది. ట్యాంకు అడుగున ఉన్న కుళాయి దగ్గరికి థెల్మా కంచె సందులోంచి వచ్చి పట్టుకెళ్తుంది. ఒక్క బకెట్టేనా?

"నీ జెరేనియం పూలమొక్కలు భలే ఉన్నాయే థెల్మా, ఇంత ఎండల్లో!" అంది గ్లెనిస్ ఆ సాయంత్రం కంచె మీద చేతులానించి.

"గిన్నెలు కడిగిన నీళ్లే పోస్తున్నా అమ్మడూ. నాకంటే అవే బలుస్తున్నాయి."

జవాబు మరీ తొందరగా వచ్చిందనిపించింది గ్లెనిస్‌కి.

కొత్త ఫ్రిజ్ మీద ఆమెకు అనుమానం రాలేదు. తలుపులోంచే ఐసూ చల్లటి నీళ్లూ ఇచ్చే ఆ ఫ్రిజ్‌కు రెండు వారాల కిందట చెల్లెలి మొగుడు మర్రీ వచ్చి నేల కిందనుంచి గొట్టం లాగి కలిపాడు. "ఊరి నీళ్లకే కలుపు. వడపోత ఉందిగా. వానట్యాంకు జోలికి పోకు" అని గ్లెనిస్ అతనికి విడమరిచి చెప్పింది. అతను పగలబడి నవ్వి పనిలో దిగాడు. నీళ్లు తియ్యగా వస్తుంటే వడపోత మహిమే అనుకుంది.

మర్నాడు వంటింటి కుళాయిలన్నీ కట్టేసి ఉండగా వానట్యాంకు పక్కనున్న చిన్న పంపు దానంతటదే గుర్రుమంది. గ్లెనిస్ పరుగున బయటికి వెళ్లింది. ఎవరూ లేరు. థెల్మా అప్పుడే తప్పుకుని ఉంటుందనుకుంది. మధ్యాహ్నానికల్లా ట్యాంకు కుళాయికి తాళం పడింది.

థెల్మా బకెట్‌తో వచ్చింది. తాళాన్ని చూసింది. కిటికీ వైపు తలెత్తకుండా ఖాళీ బకెట్‌తో వెనుదిరిగింది. తెర వెనక నిలబడి గ్లెనిస్ అంతా చూసింది. తప్పు చేసినవాళ్లే అలా తల దించుకుంటారని తనకు తాను చెప్పుకుంది.

మూడు రోజులు గడిచాయి. ట్యాంకు ఏడో మడతకు దిగింది. పంపు మళ్లీ గుర్రుమంది.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అడుగు కుళాయికి పంపుతో పనేముంది? అది తిప్పితే చాలు, నీళ్లు వాటంతటవే పడతాయి. పంపు తిరిగేది ఇంట్లోకి నీళ్లు పోతేనే.

టార్చి పట్టుకుని, దిమ్మెల మీద నిలిపిన ఇంటి కిందికి పాకింది. ఫ్రిజ్ ఉన్నచోట కింది ఇసుక ముద్దగా తడిసి ఉంది. తెల్లటి సన్న గొట్టం వెంట చూపు పోనిచ్చింది. అది తిన్నగా వాననీళ్ల గొట్టానికే చేరింది. అతుకు దగ్గర సన్నటి ధారగా కారుతోంది.

"ఊరి నీళ్లకి కలపమన్నానా లేదా?" అంది ఫోన్లో.

"నిజంగానే అన్నావా తల్లీ? నేను ఎగతాళి అనుకున్నా! మనుషులు తాగేదానికి ఊరి నీళ్లు ఎవడైనా కలుపుతాడా?" అన్నాడు మర్రీ.

"కారుతోందేం మరి?"

"సరిగ్గా బిగించలేదేమో. వస్తున్నా ఉండు."

అతను గొట్టాన్ని ఊరి నీళ్లకు మార్చి, గట్టిగా బిగించి వెళ్లాక గ్లెనిస్ తాళం తీసి పక్కింటికి నడిచింది. థెల్మా కొట్లో కొన్న సీసా నీళ్లు కెటిల్‌లో పోస్తోంది.

"ఫ్రిజ్ గొట్టం కారింది థెల్మా. నీళ్లు అక్కడికి పోయాయి."

"నేనే పట్టుకెళ్తున్నాననుకున్నావు."

"అనుకున్నాను."

థెల్మా రెండో కప్పు తీసి బల్ల మీద పెట్టింది. "తాగు. రుచి ఉండదులే."

మర్నాడు ఆమె బకెట్‌తో వచ్చింది. కుళాయి మీద చెయ్యి వెయ్యకుండానే వీధంతా వినబడేలా కేకేసింది. "ఒక్క బకెట్టే, గ్లెనిస్!"

"పట్టుకో థెల్మా! అడగనక్కర్లేదు!"

కానీ థెల్మా రోజూ అడుగుతూనే ఉంది. ఓ రోజు గ్లెనిస్ చేతులు పిండిలో ఉండి వెంటనే పలకలేదు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, ఆ ఎండలో థెల్మా ఖాళీ బకెట్‌తో, కుళాయిని ముట్టకుండా, అలాగే నిలబడి ఉంది.