బ్రేకు మాస్టారి ఇంజను

ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆయనే. మిగతా సగం మందికి ఈ జన్మకు నడపడం రాదని తేల్చి చెప్పిందీ ఆయనే. డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఆయన పేరు పెద్దక్షరాలతో ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవాడు లేడు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. నేర్పే కారులో ఆయన కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. నేర్చుకునేవాడు తప్పు చేయబోతున్నాడని అనుమానం వస్తే చాలు, కాలు దిగుతుంది. అనుమానం ఆయనకు ఎప్పుడూ వస్తుంది.

ఆయన పద్ధతులు రెండు. డాష్‌బోర్డులో మీటర్లన్నిటినీ అట్టముక్కతో మూసేయడం మొదటిది. కొత్తవాళ్ళు స్పీడెంతో చూసుకుంటూ ఎదురుగా వచ్చే మనిషిని చూడరు. కళ్ళు రోడ్డు మీద, చెవులు ఇంజను మీద ఉండాలంటాడు. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజనే చెబుతుందంటాడు. రెండోది, పాఠం మొదలైన చోటే ముగియాలి. బండి స్కూలు గేటుకు చేరేదాకా మధ్యలో దిగడం, నిలబెట్టడం ఉండవు. ఏడుపొస్తే ఏడుస్తూ నడపాలి.

ఇరవై రెండేళ్ళపాటు ఈ పద్ధతులు ఎవరికీ హాని చేయలేదు. సోమవారం పొద్దున రెండూ ఏకమై ఇంజను ప్రాణం తీశాయి.

ఆ రోజు స్టీరింగు చక్రం ముందు కూర్చున్నది కోడలు. ఇంట్లో మనిషికి నేర్పితే గౌరవం పోతుందని ఆయన రెండేళ్ళు తప్పించుకున్నాడు. చివరికి ఆ పిల్ల అందరిలాగే ఫారం నింపి, ఫోటో అంటించి, బల్ల మీద పెట్టి వరుసలో కూర్చుంది. ఫారంలో తప్పు వెతికాడు. దొరకలేదు. చేర్చుకున్నాడు. ఎనిమిది పాఠాలైనా ఆమె పక్కన ఆయన కాలు ఒక్కసారీ దిగలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతుందని ఆయన భయం.

ఊరి బయటి రోడ్డు మీద ఉండగా, ఏదో తియ్యటి వాసన వస్తోందని కోడలు అంది. ముక్కుతో కాదు, కళ్ళతో నడపమన్నాడు. బండి బరువుగా లాగుతోందంది. గేరు తప్పన్నాడు. గేరు తప్పు కాదు. కాసేపటికి బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ముందు వెళ్ళే బండిదేమో అన్నాడు. ముందు బండి లేదు. ఆపుతానని కోడలు రెండుసార్లు అంది. పాఠం గేటు దగ్గరే అయిపోతుందని ఆయన రెండుసార్లు చెప్పాడు. కారణం లేకుండా దిగే ఆ కాలు, కారణం కళ్ళ ముందు పొగలు కక్కుతుంటే కదల్లేదు.

గేటు ముందుకు రాగానే ఇంజను తనంతట తానే ఆగిపోయింది. కోడలు దిగి మంచినీళ్ళకు వెళ్ళాక మాస్టారు అట్టముక్క ఎత్తి చూశాడు. వేడి మీటరు పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. అట్టముక్క మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టేశాడు.

సాయంత్రం కొడుకు, బండికేమైందని అడిగాడు. కోడలు నోరు తెరిచేలోపు ఆయన, "మీ ఆవిడ నడుపుతోంది" అన్నాడు. అంతే అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత శుభ్రంగా చేసిన మోసం అది. కొడుకు భార్య వైపు జాలిగా చూశాడు. ఆమె కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆయన్ని నిలదీసే ఇల్లాలు పోయి ఆరేళ్ళయింది. అప్పట్నించి ఆయన చేసిందల్లా ఒప్పే.

బుధవారం మామా కోడళ్ళిద్దరూ మెకానిక్ షెడ్డుకు వెళ్ళారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మెకానిక్ పరాయివాడు కాదు. కోడలి తండ్రి. అంటే మాస్టారికి స్వయానా వియ్యంకుడు. మెత్తటి మనిషి. నట్టు బిగుసుకుపోయినా తిట్టడు, బుజ్జగిస్తాడు. పెళ్ళినాటి నుంచీ మగపెళ్ళివారి మాటకు ఎదురు చెప్పి ఎరుగడు. ఆ మర్యాద మాస్టారికి బాగా అలవాటైపోయింది.

ఇంజను పైభాగం విప్పి, పాత పేపరు పరిచిన బల్ల మీద పెట్టి ఉంది. కిరసనాయిలు వాసన. వియ్యంకుడు తన స్టూలు తుడిచి మాస్టారిని కూర్చోబెట్టి, తాను నిలబడి వివరం చెప్పాడు. ఇంజన్ని చల్లబరిచే కూలెంటు నీరు వెళ్ళే గొట్టం పగిలింది. చాలావరకు కారిపోయింది. వేడికి ఇంజను హెడ్డు వంగింది, దాని కింద అతుకు పొరలా ఉండే గ్యాస్కెట్ కాలింది, మిగిలిన కాస్త నీరూ ఆయిల్లో కలిసింది. ఆయిల్ మూత తీసి చూపించాడు. లోపల పాలెక్కువైన టీ రంగులో జిగురు పట్టి ఉంది.

ఇక దారులు రెండే అన్నాడు. దెబ్బ పైభాగంతో ఆగితే, హెడ్డు చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, శుక్రవారం పొద్దునకల్లా ఇచ్చేస్తాడు. శుక్రవారమే కోడలికి లైసెన్సు పరీక్ష. అది తప్పితే మళ్ళీ రెండు నెలలకు గానీ పిలవరు. దెబ్బ కింది దాకా దిగి ఉంటే మాత్రం బాగుచేయడం దండగ. మూలపడ్డ ఇలాంటి బండి ఒకటి చూసి దాని ఇంజను తెచ్చి పెట్టాలి. తెలియక పైపైన బిగించి ఇచ్చేస్తే, నడుస్తూ నడుస్తూ నడిరోడ్డు మీద పట్టేస్తుంది. అప్పుడు లోపలున్నది ఎవరో, వెనక వచ్చే లారీ ఏదో చెప్పలేం.

"వేడెక్కాక ఎంత దూరం నడిచింది బావగారూ?"

"ఆవిరి కనబడింది, ఆపేశాం" అన్నాడు మాస్టారు.

కోడలు గోడకున్న స్పానర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

మాస్టారికి ఆ ఇంజనే కావాలి. దాని గొంతు వినిపించే ఆయన పాఠాలన్నీ చెప్పాడు. కొత్తదాని గొంతు ఎలా ఉంటుందో, ఏ గేరులో ఏమంటుందో ఎవరికి తెలుసు. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటి. ఇంజను మార్చారంటే ఊరంతా ఎందుకని అడుగుతుంది.

ఎంత వంగిందో కొలవడానికి వియ్యంకుడు ఉక్కు బద్ద ఒకటి హెడ్డు మీద అడ్డంగా ఆనించి, కింద సందులోకి పల్చటి రేకు దూర్చాడు. దూరింది. కాస్త మందంది తీశాడు. అదీ దూరింది. ఇంకా మందంది తీశాడు. అది దూరాక రేకుల కట్ట మూసేశాడు.

"వెంటనే ఆపిన బండికి ఇంత వంగదు బావగారూ" అన్నాడు. ఆ మాట ఎక్కువైందనిపించింది కాబోలు, "ఒక్కోసారి వంగుతుంది లెండి" అని సర్దాడు.

"మీ పాత రేకులు అరిగిపోయినట్టున్నాయి" అన్నాడు మాస్టారు.

"రేకులు అరిగితే సందు తక్కువ చూపించవు బావగారూ, ఎక్కువే చూపిస్తాయి. అందుకే నిన్ననే కొత్తవి తెచ్చాను."

మాస్టారు స్టూలు మీద అటు నుంచి ఇటు సర్దుకున్నాడు.

మగపెళ్ళివారిని అబద్ధమాడారని అనలేక, వియ్యంకుడు కూతురి వైపు తిరిగాడు. తోలింది నువ్వేనా అన్నాడు. నేనే అంది. ఆవిరి వచ్చాక కూడా తొక్కావా అన్నాడు. ఆమె మామగారి వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆయన హెడ్డు కింద పరిచిన పేపర్లో ఏదో ముఖ్యమైన వార్త చదువుతున్నాడు. అది మూడేళ్ళ కిందటి పేపరు. కోడలు మళ్ళీ స్పానర్ల వైపు తిరిగింది.

ఆ మౌనాన్ని తండ్రి ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. చిన్నప్పుడు సైకిలు కూడా ఇలాగే తొక్కి గోడకు కొట్టిందన్నాడు. మాట వినే రకం కాదన్నాడు. శుక్రవారం పరీక్షకు పంపొద్దనీ, ఏడాదిపాటు చక్రం ముట్టనివ్వొద్దనీ అన్నాడు. తరవాత గ్రీజు చేతులు రెండూ జోడించి మాస్టారి ముందు వంగాడు.

"మా పిల్ల చేసిన దానికి నన్ను చూసి క్షమించండి బావగారూ."

మాస్టారు ఆ చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో నలుపు, బొటనవేలి మీద తాజాగా చీరుకున్న గీత. తన ఇంజను విప్పుతూ గీసుకున్నది. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే బండి నిలబెట్టకుండానే, తప్పేమిటో నోటితో పైకి చెప్పించడం ఆయనకు అలవాటు. గొణిగితే మళ్ళీ చెప్పించేవాడు. తాను చెప్పాల్సి వచ్చేసరికి ఆయనకూ గొణగాలనిపించింది.

"చేతులు దించండి" అన్నాడు. "ఆ పిల్ల ఆపుతానంది. నేనే ఆపనివ్వలేదు."

వియ్యంకుడు చేతులు దించలేదు. విన్నది నిజమో కాదో తేల్చుకుంటున్నాడు.

"ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు ఉంటుంది."

"ఆరు, మామయ్యా" అంది కోడలు.

"ఆరు" అన్నాడు మాస్టారు.

వియ్యంకుడు తిట్టి ఉంటే మాస్టారికి హాయిగా ఉండేది.  అతను చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకు దూరి, ఇంజను అడుగు రేకు విప్పి, అరగంటకు బయటికొచ్చాడు. అరచేతిలో రెండు బేరింగు ముక్కలున్నాయి. వెండిలా మెరవాల్సిన లోపలి వైపు గీతలు పడి రాగి బయటపడింది.

"మార్చేద్దాం బావగారూ" అన్నాడు. "బిగించి ఇచ్చి ఉంటే ఇది శుక్రవారం పరీక్ష అయ్యేదాకా కూడా నిలిచేది కాదు."

మాస్టారు తల ఊపాడు. పరీక్షకు తన వ్యాను తీసుకెళ్ళమని తండ్రి కూతురితో అన్నాడు. ఏడాదిపాటు ముట్టనివ్వొద్దన్న మాట ఇంతలోనే ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. సైకిలు గోడకు కొట్టింది మాత్రం నిజమేనని నెమ్మదిగా చేర్చాడు.

మాస్టారు పని అయిపోయిందనుకుని లేచాడు. కోడలు అడ్డం నిలబడింది.

"నాకు చెప్పనక్కర్లేదు మామయ్యా, నేను అక్కడే ఉన్నాను. నాన్నకు చెప్పారు. ఇంకొకళ్ళున్నారు."

ఆమె ఫోను తీసి నంబరు నొక్కి, మోగుతుండగానే ఆయన చేతిలో పెట్టింది. ఆయన వియ్యంకుడి వైపు చూశాడు. ఆరు కిలోమీటర్ల తరవాత వియ్యంకుడి మర్యాద కూడా కాస్త అరిగినట్టుంది. అతను బేరింగు ముక్కలు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

కొడుకు ఫోనెత్తాడు. మాస్టారు గొంతు తగ్గించి చెప్పాడు. సరిగ్గా అప్పుడే పక్క షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. వినపడటం లేదు నాన్నా, గట్టిగా చెప్పు అన్నాడు కొడుకు.

మాస్టారు గట్టిగా చెప్పాడు. సోమవారం ఆవిరొచ్చినా బండి ఆపనివ్వనిది తనేననీ, తప్పు తనదనీ, కోడలిది కాదనీ, ఇంజను పోయిందనీ. సగంలో సుత్తి ఆగిపోయింది. ఆయన గొంతు ఆగలేదు. పక్క షెడ్డువాళ్ళూ విన్నారు, రోడ్డవతల గాలి కొట్టే అతనూ విన్నాడు.



"నాన్నా" అన్నాడు కొడుకు చివరికి, "నీ ఒంట్లో బాగానే ఉందా?"