మరియ నమ్మిన కార్డు

నీళ్ల ట్యాంకర్ నడిపే జాకబ్‌కు బుగ్గ లోపల పుండు లేచింది. ఎన్ని మందులు వాడినా మానలేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. భార్య మరియ ఏడ్చింది గానీ ధైర్యం విడవలేదు. అంతకుముందు ఆమె గుండెలో వాల్వు పాడైతే, సర్కారు ఆరోగ్య కార్డుతోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. పైసా ఖర్చు కాలేదు.

ఈసారి ఆ ప్రైవేటు ఆసుపత్రివాళ్లు, సర్కారు నుంచి బిల్లులు రావడం లేదని కార్డు కేసులు ఆపేశారు. పట్నంలోని పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అక్కడ ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చారు. ఆ రోజు వెళ్తే ఇంకో తారీఖు ఇచ్చారు.

జాకబ్ వాళ్ల అన్న ఎల్లేశ్ మంచాల ఊరి నుంచి వచ్చాడు.

"ఈ ఇల్లు అమ్ముదాం మరియా. తమ్ముని బుగ్గ ఎట్ల ఉబ్బిందో కనవడ్తలేదా?"

"ఇల్లు పోతే బిడ్డ స్టెల్లాను పట్కోని యాడికి పోతం బావా? నన్ను బతికిచ్చిన కార్డు గాయన్ను ఇడిశిపెడ్తదా?"

జాకబ్ కూడా అమ్మొద్దన్నట్టు తలూపాడు. ఎల్లేశ్ చాయ్ తాగకుండానే లేచిపోయాడు.

వంతు వచ్చేసరికి జబ్బు ముదిరింది. "మెడలోకి పాకిందమ్మా. ఇప్పుడు కోసి లాభం లేదు. నొప్పికి మందులిస్తా," అంది డాక్టరమ్మ.

ఇంటికి తిరిగొచ్చే ఇబ్రహీంపట్నం బస్సులో మరియ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే అడ్డం పడ్డ. బావ మాట ఇనుంటే బతుకుదువు."

జాకబ్ మాట ముద్దగా వచ్చింది. "నీ గుండె ఆపరేషనప్పుడు పక్క మంచం ముసలామె యాదికుందా? వంతు రాకముందే పాయె. నీకు జల్ది తారీఖు దొరికిందని మనం సంబరపడ్డం."

మరియ కిటికీ వైపు తిరిగింది.

వానలు మొదలయ్యేసరికి జాకబ్ పోయాడు. ఎల్లేశ్ తమ్ముడి మీద మట్టి వేసి, ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు వెనక వీధి లక్ష్మమ్మ వచ్చింది. ఆమె భర్తకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారట.

"కార్డును నమ్మల్నా అక్కా, పొలం అమ్మల్నా?"

"కార్డు ఇడిశిపెట్టకు. అది లేకుంటే నేను లేను," అంది మరియ. "గని తారీఖిచ్చిండ్రని ఇంట్ల కూసోకు. పోయి అడుగు. కొట్లాడు."

"కొట్లాడితే జల్ది చేస్తరా?"

"ఏమో లక్ష్మమ్మా. నేను కొట్లాడలే."

లక్ష్మమ్మ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.