దక్షిణం గోడకు ఆనుకుని

నేను ఒక తారు డ్రమ్మును. ఏళ్ల తరబడి నన్ను ఒక సందేహం వదలడం లేదు. ఏ పనీ చేయకుండా ఎండలో కూర్చుంటే, అది దేవుడి దృష్టిలో సేవ కిందికి వస్తుందా?

విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కడుపునిండా తారుతో లంబసింగి కొండ ఎక్కాను. తారు రోడ్డుకి పోయింది, నేను ఖాళీ అయ్యాను. తరువాత నాలో రాళ్లు నింపి చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టారు. ఎంత పెద్ద కార్లవాళ్లయినా నన్ను చూసి బండి ఆపేవారు. అదంతా నా గొప్పే అనుకున్నాను. గేటు పెట్టాక నా మొహం చూసినవాడు లేడు. అప్పుడు కూర్మారావు రాళ్లు గుమ్మరించేసి, నన్ను దొర్లించుకుంటూ తెచ్చి, తన ఇంటి దక్షిణం గోడ పక్కన నిలబెట్టి నీళ్లు పట్టాడు.

ఆ ఇంట్లో ఒకటే దిగులు. చలికాలం పెరుగు తోడుకోదు. ధనుర్మాసమంతా కూర్మారావు భార్య వరహాలమ్మ స్వామికి దద్ధోజనం పెట్టాలి. పక్కనే టీకొట్టు నడిపే గున్నమ్మకి రోజంతా పొయ్యి వెలుగుతుంది కాబట్టి ఆమె పెరుగు గడ్డలా తోడుకుంటుంది. ప్రతి చలికాలం వరహాలమ్మ గిన్నె పట్టుకుని అక్కడికి వెళ్లాల్సిందే.

"ఏటి పిన్నీ, మీ ఆవు పాలకి చలిజ్వరమా?" అని నవ్వుతూ గిన్నె నింపేది గున్నమ్మ. "పెరుగు బాకీ పెరుగుతోనే తీర్చాల, తెలిసిందా!"

వరహాలమ్మ కూడా నవ్వేది గానీ, అరువు పెరుగు స్వామి ముందు పెట్టేటప్పుడు తల ఎత్తేది కాదు.

ఆమె బాధ చూడలేక కూర్మారావు పాత కిటికీ తలుపులు సంపాదించి, ఇంటికి ఆనించి, ఎండ వేడి లోపల నిలిచేలా ఒక అద్దాల గది కట్టాడు. తూర్పువైపు కట్టాడు. పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టుకునే మనిషి కదా! కానీ మా కొండమీద పొద్దున్నే కనిపించేది మంచు ఒక్కటే. అది విడిపోయేసరికి సూర్యుడు దక్షిణానికి జరిగిపోయేవాడు. గదిలో వేసిన కొత్తిమీర వడిలిపోయింది. పాలు పాలుగానే మిగిలాయి.

ఒక సాయంత్రం వరహాలమ్మ నీళ్లకి వచ్చి నామీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు.

"ఏవండీ, ఇలా వచ్చి ఈ డ్రమ్ము పట్టుకు చూడండి, ఇంకా ఎంత వెచ్చగా ఉందో. మన గది ఇటు కట్టాల్సింది."

"దక్షిణానికా? యముడి దిక్కు! అటు ఇల్లు పెంచుతారా ఎవరైనా?"

"ఈ నెలల్లో సూర్యనారాయణమూర్తి ఎటు తిరుగుతున్నాడు? ఆయనకి లేని భయం మీకెందుకు?"

కూర్మారావు కొన్నాళ్లు రోజూ సాయంత్రం వచ్చి నామీద చెయ్యి వేసి చూశాడు. ఒక ఉదయం దక్షిణం గోడ దగ్గర కొబ్బరికాయ కొట్టి, తూర్పు గది విప్పేశాడు.

ఈసారి చలికాలంలో వాలుగా వచ్చే ఎండ సూటిగా తగిలేలా అద్దాలను ఏటవాలుగా నిలిపాడు. వేసవి ఎండ లోపలికి రాకుండా చూరు ముందుకు పెంచాడు. వెచ్చని గాలి ఇంట్లోకి వెళ్లడానికి వంటింటి గోడకి పైనొకటి, కిందొకటి కన్నం పెట్టాడు. చీకటి పడితే అద్దాలకి గోనెపట్టాలు కప్పేవాడు. నన్ను మాత్రం కదపలేదు. గదే నా చుట్టూ లేచింది. అంతటి మర్యాద నాకెన్నడూ జరగలేదు.

పగలంతా ఎండ తాగాను. రాత్రంతా మెల్లగా వదిలాను. వరహాలమ్మ గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెను నా మూతమీద పెట్టి, దుప్పటి కప్పి దణ్ణం పెట్టుకుంది. తెల్లారి గిన్నె వంచి చూసింది. పెరుగు కదల్లేదు. "ఏవండీ!" అని ఆమె పెట్టిన కేకకి అద్దాలు గల్లుమన్నాయి. ఆ రోజు నైవేద్యం పెడుతూ స్వామిని కళ్లారా చూసింది.

ఈ చలికాలం గున్నమ్మ పొయ్యి కూలింది. కొత్తది ఆరేదాకా టీకొట్టు మూత. ఒక పొద్దున గిన్నె పట్టుకుని మా అద్దాల గుమ్మంలో నిలబడింది.

"ఏటి సేత్తాం పిన్నీ, పాలు అలాగే ఉండిపోనాయి."

వరహాలమ్మ నా మూతమీద అంచుదాకా తోడుకున్న గిన్నెనే తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇంతెందుకు, ఒలికిపోద్ది!"

"ఒలకదు. బోర్లించి చూసుకో."

గున్నమ్మ నిజంగానే బోర్లించింది. చుక్క జారలేదు.

"బాకీ తీరిపోనాది పిన్నీ," అంది గున్నమ్మ.